నిదానంగా నేర్చుకునే పిల్లలకు ఇంట్లో చదువు చెప్పడం: మెట్టు మెట్టుగా ఒక మార్గదర్శి

"రెండో తరగతిలోకి వచ్చాడు, ఇంకా 'పలక' అని కూడా కూడబలుక్కోలేకపోతున్నాడు. ఏం చేయమంటారు?" ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెప్పే నన్ను బడి తెరిచిన నెలలోనే కనీసం నలుగురైదుగురు తల్లులు ఇలా అడుగుతారు. వాళ్లకు నిలబడి చెప్పే రెండు మాటలు సరిపోవడం లేదు. అందుకే ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం, చేయాల్సిన పనులన్నీ వరుసలో రాస్తున్నాను.

నేను చూసిన పిల్లల్లో చాలామంది ఇబ్బంది ఒక్కటే. వాళ్లు నిలబడిన మెట్టు ఒకటి, మనం పాఠం చెబుతున్న మెట్టు మరొకటి. ఆ దూరం తెలుసుకుని కిందికి దిగి చెప్పడం మొదలుపెడితే కదలిక వస్తుంది.

## 1. పుస్తకం తీసే ముందు చెవి, కన్ను, రక్తం

చదువులో వెనకబడ్డాడని ట్యూషన్‌లో చేర్పించే ముందు ఒక్క వారం ఆగి ఇవి చూడండి. నా తరగతిలో ఒక పాప ఏడాది పొడవునా 'బడి'ని 'పడి' అని రాస్తుంటే అశ్రద్ధ అనుకున్నాను. జలుబు చేసినప్పుడల్లా కర్ణభేరి వెనుక నీరు చేరి ఆ పాపకు మాటలు మసకగా వినిపిస్తున్నాయని చెవి డాక్టర్ చెప్పాకే నాకు తెలిసింది. వినపడని బిడ్డను నేను అన్నాళ్లూ మందలించాను. మీ ఇంట్లో అలా జరగకూడదు.

ఇంట్లో గమనించాల్సినవి:

- చెవి: బిడ్డ వెనుక మూడడుగుల దూరంలో నిలబడి గుసగుసగా "మామిడిపండు తింటావా?" అని అడగండి. రెండు మూడు రోజులు వేర్వేరు మాటలతో అడిగినా తిరిగి చూడకపోతే చెవి పరీక్ష చేయించండి.
- కన్ను: ఒక కన్ను మూసి, గోడ మీది క్యాలెండర్‌లో పెద్ద అంకెలు దూరం నుంచి చెప్పించండి. తర్వాత రెండో కన్ను. టీవీకి దగ్గరగా జరగడం, బోర్డు వదిలి పక్కవాళ్ల నోటు పుస్తకం చూసి రాయడం కూడా గుర్తులే.
- రక్తం: ఐదు నుంచి పదకొండేళ్ల పిల్లల్లో హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 11.5 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనత. బడిలో వారానికోసారి ఇచ్చే గులాబీ రంగు ఐరన్ మాత్ర, ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేసుకుంటున్నాడో లేదో కనుక్కోండి.
- నిద్ర: ఆరేళ్లు దాటిన బిడ్డకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటలు కావాలి. రాత్రి పదకొండు దాకా ఫోను చూసిన బిడ్డకు పొద్దున ఏ పాఠమూ ఎక్కదు.
- మాట మధ్యలో కొన్ని క్షణాలు కొయ్యబారినట్టు చూసి, ఏమీ జరగనట్టు మళ్లీ ఆటలో పడటం: ఇది పరధ్యానం కాకపోవచ్చు. ఒక రకం మూర్ఛ ఇలాగే ఉంటుంది, మందులతో తగ్గుతుంది. ఫోనులో వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి.
- ఎత్తు పెరగకపోవడం, మలబద్ధకం, పొడిబారిన చర్మం, ఎప్పుడూ మగత: థైరాయిడ్ పరీక్ష అడగండి.

## 2. బిడ్డ ఏ మెట్టు మీద ఉన్నాడో కనిపెట్టండి

ఒక పిల్లవాడు 'క' గుణింతం గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పాడు. వాళ్ల నాన్న ముఖం వెలిగిపోయింది. గోడ మీది చార్టులో 'కూ' చూపించమన్నాను. వాడు 'క' మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ ఒక్కో గడీ దాటుకుంటూ వచ్చి ఆరో గడి దగ్గర ఆగాడు. చార్టు తీసేసి పలక మీద 'కూ' ఒక్కటే రాశాను. నోరు మెదపలేదు.

వాడికి గుణింతం పాటగా వచ్చు, అక్షరంగా రాదు. ఒప్పజెప్పడం విని ఈ తేడా కనిపెట్టలేం. కలగలిపి అడగాలి.

పాత పెళ్లిపత్రికలు కత్తిరించి చీటీలు చేయండి. ఒక్కో మెట్టుకు పదేసి. వరుస ఇది:

1. శబ్దం: చీటీ అక్కర్లేదు. "'పలక'లో మొదట ఏ శబ్దం వినిపించింది? 'ఈగ'లో?" అని అడగండి.
2. విడి అక్షరాలు, వరుస లేకుండా: త, ల, గ, ర, డ...
3. గుణింతం లేని పదాలు: తల, వల, పలక, ఈత.
4. గుణింతంతో పదాలు: కాకి, మేక, గూడు, కోతి.
5. ద్విత్వాక్షరాలు: అమ్మ, చెట్టు, ముక్కు, గొర్రె.
6. సంయుక్తాక్షరాలు: పుస్తకం, చంద్రుడు, సూర్యుడు.

పదికి ఎనిమిది తడుముకోకుండా చెబితే ఆ మెట్టు వచ్చినట్టే, పైకి వెళ్లండి. ఐదారు దగ్గర ఆగిపోతే మీ పని అక్కడే. మూడు కన్నా తక్కువైతే ఒక మెట్టు దిగండి. పావుగంటలో ముగించండి. తప్పు చెప్పినప్పుడు ముఖం మాడ్చకుండా "సరే, ఇది?" అని తర్వాతి చీటీ తీయండి. ఇది పరీక్ష అని బిడ్డకు తెలియనివ్వకండి.

ఒక నోటు పుస్తకంలో తేదీ, మెట్టు, పదికి ఎన్ని అనే మూడు మాటలు రాసి పెట్టుకోండి. ఈ పుస్తకంతో చాలా పని ఉంది.

## 3. రోజుకు ఇరవై నిమిషాలు, రెండు విడతలుగా

రెండు గంటలు కూర్చోబెట్టడం వల్ల బిడ్డ నేర్చుకునేది భయమే. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. అంతకు మించి వద్దు. కానీ ఆదివారంతో సహా రోజూ జరగాలి.

పది నిమిషాలు ఇలా గడవాలి:

- మొదటి మూడు నిమిషాలు: బాగా వచ్చినవే. బిడ్డ గెలుపుతో మొదలుకావాలి.
- తర్వాత ఐదు నిమిషాలు: కొత్తది ఒక్కటే.
- చివరి రెండు నిమిషాలు: ఆట. చీటీలు నేల మీద పరిచి పేరు చెప్పగానే దాని మీదికి దూకడం నా తరగతిలో అందరికీ ఇష్టం.

ఆకలితో ఉన్నప్పుడు, ఆడుకుంటున్న బిడ్డను మధ్యలో లాక్కొచ్చి మాత్రం మొదలుపెట్టకండి. ఎవరు చెబుతారన్నది కూడా ముందే తేల్చుకోండి. త్వరగా విసుక్కునే వాళ్లు ఈ పని తీసుకోకపోవడం మేలు. చాలా ఇళ్లలో నాయనమ్మో అమ్మమ్మో దీనికి సరిగ్గా సరిపోతారు. చదువు రాకపోయినా చీటీల వెనుక బొమ్మ గీసి ఇస్తే వాళ్లు ఆడించగలరు.

## 4. అక్షరాలు: మూడేసి, పోలిక లేనివి

అ నుంచి ఱ వరకు వరుసలో వెళ్లనక్కర్లేదు. మూడు అక్షరాలు ఎంచుకోండి. అవి చూపుకు వేర్వేరుగా ఉండాలి, వాటితో వెంటనే పదాలు రావాలి. త, ల, గ తీసుకుంటే 'తల', 'గల' వస్తాయి. 'ప' చేర్చితే 'పగ', 'క' చేర్చితే 'కల', 'పలక' వస్తాయి.

ప, వ, మ, య, ష, స ఒకే వారంలో చెప్పకండి. కొమ్ములు, మడతలు తప్ప వాటి ఒళ్లంతా ఒకటే. ముందు 'ప' గట్టిపడాలి. బిడ్డను నిద్రలో లేపి అడిగినా చెప్పే స్థితి వచ్చాక 'వ' తెచ్చి పక్కన పెట్టి, "ఎక్కడ తేడా ఉంది?" అని బిడ్డ చేతే వేలు పెట్టించండి.

ఒక అక్షరం చెప్పే క్రమం:

1. శబ్దం: 'ల'తో మొదలయ్యే వస్తువులు ఇంట్లో వెతకండి. లడ్డు, లంగా, లవంగం.
2. ఆకారం: పళ్లెంలో బియ్యప్పిండి పరిచి మీ వేలితో పెద్దగా రాయండి. బిడ్డ మీ గీత మీదే వేలు పోనివ్వాలి. నోటితో 'ల' అనాలి.
3. గుర్తించడం: నాలుగు చీటీల్లో 'ల' ఏదో తీయమనండి. చదవమనే ముందు తీయమనాలి. ఇది తేలిక.
4. చదవడం: చీటీ చూపించి "ఇది?" అనండి.
5. పలక మీద రాయడం: అన్నిటికన్నా చివర.

ఐదో పనిని మొదటి పనిగా చేయించడమే ఎక్కువ ఇళ్లలో జరుగుతున్న పొరపాటు. 'ల' ఇరవైసార్లు రాసిన బిడ్డ ఐదోసారి తర్వాత ఒట్టి గీత గీస్తున్నాడు, అక్షరం ఆలోచించడం లేదు.

## 5. గుణింతం: నిలువుగా వద్దు, అడ్డంగా

ఇక్కడే ఎక్కువమంది పిల్లలు ఆగిపోతారు, కాబట్టి తొందరపడకండి.

మామూలుగా ఒక అక్షరం తీసుకుని క, కా, కి, కీ అని చివరిదాకా వెళతాం. నిదానంగా నేర్చుకునే బిడ్డకు అది ఒకేసారి పన్నెండు కొత్త గుర్తులు. దాన్ని తిప్పండి. గుర్తు ఒక్కటే, అక్షరాలు నాలుగైదు. ఈ వారమంతా దీర్ఘం. త తా, ప పా, మ మా, ట టా. వెంటనే పదాలు: తాత, పాట, మాట, బాట. వచ్చే వారం గుడి. ఆ తర్వాత కొమ్ము. ఏత్వం, ఓత్వం చాలా తర్వాత.

దీర్ఘం చెప్పేటప్పుడు చెయ్యి సాగదీయండి. 'త' అన్నప్పుడు చప్పట్లు ఒకసారి, 'తా' అన్నప్పుడు చేతులు దూరంగా జరపాలి. ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా చెవికి పట్టించడానికి కూడా ఇదే ఉపాయం.

ముందే తెలుసుకోవాల్సిన చిక్కులు:

- 'మ', 'వు' కలగాపులగం కావడం సహజం. అందుకే 'వ'కు కొమ్ము కింద వస్తుంది. రెండూ పక్కపక్కన పెద్దగా రాసి చూపండి.
- 'యి', 'మొ', 'యొ', 'హా' మిగతావాటిలా ఉండవు. వీటిని నియమంగా చెప్పకండి, బొమ్మలా విడిగా గుర్తుపట్టనివ్వండి.
- 'ణ'కు 'న'కు, 'ళ'కు 'ల'కు పలకడంలో ఇంట్లోనే తేడా లేకపోతే బిడ్డ రాతలోనూ ఉండదు. ఇప్పుడే దిద్దకండి, మూడో తరగతికి చూసుకోవచ్చు.

## 6. ఒత్తులు: మొదట ఇంట్లో వాళ్ల పేర్లు

అమ్మ, నాన్న, అక్క, అన్న, చెల్లి, తమ్ముడు, అత్త, అవ్వ, తాతయ్య. మన చుట్టరికాల పిలుపుల్లో ఎన్నిటికి ఒత్తు ఉందో చూడండి. అందులోనూ అక్షరం పోలిక పూర్తిగా మారిపోయే క, త, న, మ, య, ల ఒత్తులు దాదాపు అన్నీ ఇక్కడే దొరుకుతాయి. 'ర' ఒక్కటే మిగులుతుంది. దానికి గొర్రె, బుర్ర, కర్ర ఉన్నాయి.

బిడ్డ రోజుకు యాభైసార్లు పిలిచే పిలుపులు కాబట్టి శబ్దం ముందే వచ్చు. ఒక్కో మనిషి ఫొటో కింద పేరు రాసి తలుపు మీద అతికించండి. పది రోజుల తర్వాత ఫొటోలు తీసేసి చీటీలే ఉంచండి. గగ్గోలు, అద్దం, గడ్డం లాంటివి తలకట్టు తీసేస్తే చాలు కాబట్టి త్వరగానే వస్తాయి. సంయుక్తాక్షరాల జోలికి ఇవన్నీ అయ్యాకే.

## 7. మరిచిపోవడాన్ని లెక్కలో పెట్టుకోండి

"నిన్న చెప్పాడండీ, ఇవాళ మళ్లీ మొదటికొచ్చాడు." ఈ బిడ్డలతో ఇది జరుగుతుంది. మరిచిపోతున్న సమయంలోనే మళ్లీ గుర్తు చేస్తే నిలుస్తుంది.

మూడు ఖాళీ డబ్బాలు పెట్టుకోండి. కొత్త చీటీలన్నీ మొదటి డబ్బాలో, వాటిని రోజూ తీయాలి. మూడు రోజులు వరుసగా సరిగ్గా చెప్పిన చీటీ రెండో డబ్బాలోకి, దాన్ని మూడు రోజులకోసారి చూడాలి. అక్కడా నిలిస్తే మూడో డబ్బా, వారానికోసారి. ఎక్కడ తప్పినా తిరిగి మొదటి డబ్బాకే. చీటీని బిడ్డ చేత్తోనే మార్చనివ్వండి. మూడో డబ్బా బరువెక్కడం తన కళ్లతో తను చూస్తాడు.

తప్పు చెప్పినప్పుడు చేయాల్సింది: "కాదు" అనకండి. సరైనది మీరు పలకండి, బిడ్డ చేత పలికించండి, రెండు చీటీల తర్వాత మళ్లీ అదే చీటీ తీయండి. ఈసారి సరిగ్గా చెబుతాడు. విడత అలా ముగియాలి.

## 8. లెక్కలు: చింతపిక్కలు, పుల్లల కట్టలు

వంద వరకు అప్పజెప్పే బిడ్డ ఏడు చింతపిక్కలు లెక్కపెట్టలేకపోవచ్చు. పిక్కలు వరుసగా పేర్చి, ఒక్కోదాన్ని జరుపుతూ లెక్కించమనండి. చివర "మొత్తం ఎన్ని?" అని అడగండి. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే, చివరి అంకే మొత్తమని బిడ్డకు ఇంకా తెలియలేదని అర్థం. కూడిక ఆపి ఇక్కడే వారం ఉండండి.

పది దాటాక చీపురు పుల్లలు. పది పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు. రెండు కట్టలు, మూడు పుల్లలు: ఇరవై మూడు. ఇది చేతికి అలవాటయ్యాకే రాత.

ఇరవై మూడును 203 అని రాసే పిల్లలు చాలామంది ఉంటారు. విన్నది విన్నట్టే రాస్తున్నారు: ఇరవై, ఆ తర్వాత మూడు. '20' అని వెడల్పు చీటీ, '3' అని చిన్న చీటీ చేసి, మూడును సున్నా మీద పెట్టి సున్నాను కప్పేయించండి. బిడ్డ కళ్లు పెద్దవవుతాయి.

ఇంగ్లిషు మీడియంలో చదివే పిల్లలకు నా గట్టి సలహా, సంఖ్యలు ముందు తెలుగులో గట్టిపరచండి. 'పదమూడు'లో పది, మూడు రెండూ వరుసగా వినిపిస్తాయి. 'థర్టీన్'లో మూడు ముందు వినిపిస్తుంది, అందుకే 31 అని రాస్తారు. 'థర్టీన్', 'థర్టీ' చెవికి దాదాపు ఒకటే. అర్థం తెలుగులో కుదిరాక పేరు మార్చుకోవడం పెద్ద పని కాదు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు

- "మీ చెల్లి చూడు, ఎంత చక్కగా చదువుతోందో." ఈ మాట విన్న బిడ్డ చదువుకు దూరమవుతాడు, చెల్లికీ దూరమవుతాడు. పోల్చాలంటే నోటు పుస్తకంలోని పోయిన నెల పేజీతో పోల్చండి.
- చుట్టాల ముందు చదివించడం. వద్దు. బిడ్డ వినేలా "వీడికి కాస్త బుర్ర తక్కువ" అనడం అంతకన్నా తప్పు.
- హోంవర్కు మీరే రాసిపెట్టడం. టీచర్‌కు బిడ్డ స్థితి తెలియకుండా పోతుంది. చేసినంత చేయించి, "ఇంతవరకు తనే చేశాడు" అని కింద రాయండి.
- ఒకేసారి మూడు పనులు చెప్పడం. "సంచి సర్ది, చెప్పులు విడిచి, పుస్తకం తీసుకురా" అంటే మొదటిదే గుర్తుంటుంది. ఒకటి చెప్పి, అయ్యాక రెండోది.
- బాగా కుదురుతోందని రెండు మెట్లు దూకడం. దెబ్బతింటే మళ్లీ కిందికి దిగి, వారం రోజులు తేలికైనవే చెప్పించండి.

## 10. బడిలో టీచర్‌ను ఏమడగాలి

ఫిర్యాదుగా వెళ్లకండి. ఆ నోటు పుస్తకం పట్టుకుని, టీచర్‌కు తీరిక ఉన్న వేళ అడిగి వెళ్లండి.

- ముందు వరుసలో, కిటికీకి దూరంగా చోటు.
- పది లెక్కలకు బదులు నాలుగు.
- రాయలేనప్పుడు నోటితో చెప్పే అవకాశం.
- అందరి ముందు గట్టిగా చదివించకుండా ఉండటం, లేదా ఏ పేరా చదవాలో ముందు రోజే చెప్పడం.

కొట్టడం, అవమానించడం జరుగుతుంటే మాత్రం మొహమాటపడకండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. ప్రధానోపాధ్యాయులకు రాతపూర్వకంగా ఇవ్వండి.

## 11. ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి

పై పద్ధతిలో మూడు నెలలు రోజూ చెప్పినా ఒక్క మెట్టు కూడా కదలకపోతే నిపుణులకు చూపించండి. వీటిలో ఏదైనా ఉంటే మూడు నెలలు కూడా ఆగకండి: వచ్చిన మాటలు, పనులు పోవడం, తన వయసు పిల్లల్లా వాక్యాలు మాట్లాడలేకపోవడం, బొత్తాలు పెట్టుకోవడం, తినడం లాంటి సొంత పనులూ రాకపోవడం, మూర్ఛ.

నిపుణులు చెప్పే మూడు మాటల మధ్య తేడా తెలిసి ఉండాలి. ఐక్యూ పరీక్షలో సుమారు 70 నుంచి 85 మధ్య వచ్చి, అన్నీ కాస్త ఆలస్యంగా నేర్చుకుంటుంటే నిదానంగా నేర్చుకునే బిడ్డ అంటారు. అది వైకల్యం కాదు. దానికి సర్టిఫికెట్ ఉండదు. తెలివితేటలు బాగానే ఉండి చదవడం, రాయడం, లెక్కల్లో మాత్రమే ఇబ్బంది ఉంటే నిర్దిష్ట అభ్యసన వైకల్యం. అది 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఒకటి, సర్టిఫికెట్ సాధారణంగా ఎనిమిదేళ్లు నిండాక ఇస్తారు. మూడోది బుద్ధి మాంద్యం. అక్కడ సొంత పనుల్లో కూడా సాయం కావాల్సి వస్తుంది.

వెళ్లాల్సిన చోట్లు:

- రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఏడాదికోసారి ప్రభుత్వ బడికి, రెండుసార్లు అంగన్‌వాడీకి వస్తుంది. ఆ రోజు బిడ్డను బడి మాన్పించకండి.
- వాళ్లు రాసిస్తే జిల్లా ఆసుపత్రి పరిధిలోని డైక్ సెంటర్‌లో (డీఈఐసీ, అంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రం) చెవి, కన్ను, మాట, ఎదుగుదల పరీక్షలు ఉచితం.
- మండలంలోని భవిత కేంద్రం. ప్రత్యేక అవసరాల పిల్లలకు పాఠాలు చెప్పడంలో శిక్షణ పొందిన టీచర్లు అక్కడ ఉంటారు. చిరునామా మండల విద్యాధికారి కార్యాలయంలో చెబుతారు.
- సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో వైకల్య సాధికారత సంస్థ.

వెంట తీసుకెళ్లాల్సినవి:

- పుట్టినప్పటి ఆసుపత్రి కాగితాలు: ఎన్నో నెలలో పుట్టాడు, బరువెంత, వెంటనే ఏడ్చాడా.
- టీకాల కార్డు.
- నడక, మొదటి మాట ఎప్పుడు వచ్చాయో గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద.
- బిడ్డ సొంతంగా రాసిన రెండు మూడు పేజీలు, దిద్దకుండా.
- తేదీలు, మెట్లు రాసుకున్న నోటు పుస్తకం. డాక్టర్ అడిగే సగం ప్రశ్నలకు జవాబులు అందులోనే ఉంటాయి.